"సంబంధం" అన్న గడిలో ఏం రాయాలి? అనంతపురం నుంచి అడిగిన ఇద్దరికి జవాబు

అడిగినవారు ఇద్దరు స్త్రీలు. ఒకరికి 32 ఏళ్లు, అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. మరొకరికి 29, లెక్కలు రాసే ఉద్యోగం, సొంతూరు కడప జిల్లాలో. నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో, వారి మాటల్లోనే చెప్పాలంటే, ఆలుమగలు బతికినట్టే బతుకుతున్నారు. ఇంటి యజమానికి మాత్రం అక్కాచెల్లెళ్లమని చెప్పుకున్నారు. ఇప్పుడు చిన్నవారికి ఊళ్లో సంబంధం కుదిర్చారు. రాకపోతే మిస్సింగ్ కేసు పెడతానని తండ్రి, స్వలింగ సంబంధాలను ఒకప్పుడు నేరంగా చూసిన 377 సెక్షను కింద ఇద్దరినీ జైలుకు పంపిస్తానని అన్న బెదిరిస్తున్నారు. తమ పెళ్లి రిజిస్టరు అవుతుందా, పోలీసులు వస్తే ఏం చేయాలి, పెద్దవారి పేరిట కొన్న మూడు సెంట్ల స్థలంలో చిన్నవారి బంగారం అమ్మిన డబ్బు కూడా ఉంది కాబట్టి దాని గతేమిటి, ఆసుపత్రిలో సంతకం ఎవరు పెట్టాలి, చివరికి బీమా ఫారంలో "సంబంధం" అన్న గడిలో ఏం రాయాలి అన్నవి వారి ప్రశ్నలు. జిల్లా కోర్టులో ఇరవై రెండేళ్లుగా సివిల్, కుటుంబ కేసులు చూస్తున్న న్యాయవాదిగా నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

ముందుగా చేదు మాట చెప్పేస్తాను. మీ పెళ్లి ఈ దేశంలో ఇప్పుడు ఏ చట్టం కిందా రిజిస్టరు కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద కాదు, మతంతో పనిలేని 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కిందా కాదు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయం తేల్చింది. పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదన్న దగ్గర అయిదుగురిదీ ఒకే మాట. పెళ్లి పేరు లేకపోయినా జంటగా చట్టబద్ధమైన గుర్తింపు ఇవ్వాలా అన్న దగ్గర మాత్రం ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ కౌల్ ఒకవైపు, మిగిలిన ముగ్గురూ మరోవైపు నిలిచారు. తీర్పును తిరిగి పరిశీలించమన్న పిటిషన్లను కోర్టు 2025 జనవరిలో కొట్టివేసింది. కాబట్టి గుడిలో దండలు మార్చుకున్నా, స్టాంపు పేపరు మీద రాయించి నోటరీ ముద్ర వేయించుకున్నా, అది మీ మనసుకు పెళ్లి కావచ్చుగానీ చట్టం ముందు కాదు. అలాంటి కాగితం రాసిస్తామని వేలకు వేలు అడిగేవారు ఎదురైతే ఆ డబ్బు దాచుకోండి. కింద చెప్పబోయే కాగితాలకు అక్కరకు వస్తుంది.

ఇక అన్నగారు చెప్పిన 377 సెక్షను సంగతి. ఇద్దరు మేజర్లు ఇష్టపడి కలిసి ఉండటం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. 2009లో ఢిల్లీ హైకోర్టు నేరం కాదనడం, 2013లో సుప్రీంకోర్టు మళ్లీ నేరమేననడం, 2018లో మళ్లీ కాదనడం వల్ల జనంలో కొంత గందరగోళం మిగిలిపోయింది. బెదిరించేవారికి ఆ గందరగోళమే పెట్టుబడి.

చట్టం మిమ్మల్ని జంటగా చూడదు. ఇద్దరు మేజర్ స్త్రీలుగా చూస్తుంది. మీ బలమంతా అక్కడే ఉంది. ఒక మేజరు తన గురించి తాను చెప్పే మాటకూ, ఒక మేజరు మరొకరి పేరిట రాసే రాతకూ చట్టంలో చాలా విలువ ఉంది. భార్యాభర్తలకు అడక్కుండానే దక్కేవాటిని మీరు ఒక్కొక్కటిగా కూర్చుకోవాలి. అన్యాయంగా అనిపిస్తుంది, అన్యాయమే కూడా. కానీ ఇప్పటికి ఉన్న దారి ఇదే.

మిస్సింగ్ కేసు దగ్గరికి వద్దాం. మనిషి తప్పిపోయిందన్న ఫిర్యాదు, ఆ మనిషి కనిపించి "నేను తప్పిపోలేదు, నా ఇష్టంతో ఇక్కడ ఉంటున్నాను" అని చెప్పడంతో ముగిసిపోవాలి. అది సజావుగా ముగియాలంటే ఫిర్యాదు రాకముందే మీ మాట కాగితం మీదికి ఎక్కాలి. చిన్నవారు తన చేతిరాతతో ఒక అర్జీ రాసి, పదో తరగతి మార్కుల జాబితా, ఆధార్ నకళ్లు జతచేసి, కడప, అనంతపురం జిల్లాల ఎస్పీలకూ, మీరు ఉంటున్న చోటి స్టేషనుకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. తాను మేజరునని, ఉద్యోగం చేసుకుంటున్నానని, స్నేహితురాలితో కలిసి తన ఇష్టప్రకారం ఉంటున్నానని, ఇష్టంలేని పెళ్లికి ఒత్తిడి చేస్తున్నారని, తనను ఎవరూ ఎత్తుకుపోలేదని రాస్తే చాలు. మీ ఇద్దరి మధ్య ఉన్నది ఏ రకమైన బంధమో అందులో వివరించవలసిన అవసరం లేదు. అడిగే అధికారమూ వారికి లేదు. రసీదులు, అక్నాలెడ్జిమెంట్లు జాగ్రత్త చేయండి. సాక్షిగా విచారించవలసిన స్త్రీని స్టేషనుకు రమ్మని పిలవకూడదని, ఆమె ఉంటున్న చోటికే వచ్చి అడగాలని పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షను చెబుతోంది. రాత్రిపూట స్టేషనుకు రమ్మని ఫోను వస్తే ఈ సంగతి మర్యాదగా గుర్తు చేయండి.

ఇక్కడ ఒక మాట, అనుభవంతో చెబుతున్నది. ఇంటి నుంచి తెచ్చుకున్న బంగారం ఏదైనా మీ దగ్గర ఉంటే, అది అమ్మ ఇష్టపడి పెట్టిందే అయినా, సాక్షుల ఎదుట తిరిగి ఇచ్చి రసీదు తీసుకోండి. మిస్సింగ్ కేసు నిలవదని తెలిసిన మరుసటి రోజు దొంగతనం కేసు రావడం నేను ఒకటికి మూడుసార్లు చూశాను. సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకాలు మాత్రం మీవి మీ దగ్గరే ఉండాలి.

స్టేషనులో పెద్దమనుషులను కూర్చోబెట్టి పంచాయితీ చేయడం, "ఒక్క వారం ఇంటికి పంపండి, తర్వాత చూద్దాం" అనడం మన సీమలో కొత్త కాదు. ఆ వారానికి ఒప్పుకోకండి. 2023 తీర్పులో మెజారిటీ పక్షాన ఉన్న జస్టిస్ భట్ కూడా, కలిసి ఉండాలన్న మీవంటి జంటల నిర్ణయంలో ఎవరూ జోక్యం చేసుకోకుండా, హింసా బలవంతాలు జరగకుండా ప్రభుత్వం చూడాలని స్పష్టంగా రాశారు. చాలామంది ప్రధాన న్యాయమూర్తి ఇచ్చిన ఆదేశాలను ఉటంకిస్తారుగానీ అవి మైనారిటీ అభిప్రాయంలోవి. మీ వకీలు చూపించవలసింది ఈ మెజారిటీ మాటను.

ఒకవేళ చిన్నవారిని బలవంతంగా తీసుకుపోయి ఇంట్లో నిర్బంధిస్తే మూడు దారులున్నాయి. మొదటిది దగ్గరిది: నాగరిక సురక్షా సంహిత 100వ సెక్షను కింద ఆర్డీవోకు గానీ ఫస్ట్ క్లాసు మేజిస్ట్రేటుకు గానీ దరఖాస్తు చేస్తే, సోదా వారంటు ఇచ్చి మనిషిని తమ ముందుకు తెప్పించగలరు. రెండోది గృహహింస చట్టం. అది భర్త మీదే అనుకుంటారుగానీ, తండ్రి, అన్నదమ్ముల హింసకు గురైన కూతురు కూడా 2005 నాటి ఆ చట్టం కింద రక్షణ ఉత్తర్వు కోరవచ్చు. మూడోది హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించమని కోరడం. హైకోర్టు అంటే సీమవాళ్లకు ఎప్పుడూ దూరాభారమే, కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన 1937 శ్రీబాగ్ ఒప్పందం నాటి నుంచి ఈ గొడవ తెగలేదు. కానీ ఈ విషయంలో అమరావతి దాకా వెళ్లడం దండగ కాదు. 2024 డిసెంబరులో సరిగ్గా మీలాంటి కేసులోనే మన హైకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు స్త్రీలలో ఒకరిని తండ్రి తన ఇంట్లో ఉంచేసుకుంటే, ఆమె మేజరు కాబట్టి తనకు నచ్చినవారితో ఉండే హక్కు ఆమెదేనని, తల్లిదండ్రులు అడ్డుపడకూడదని చెప్పింది. ఆ పిటిషను వేసింది కూడా ఆమె సహచరే. "నువ్వెవరు పిటిషను వేయడానికి?" అన్న ప్రశ్న వస్తే దానికీ జవాబుంది: 2024 మార్చి 11న సుప్రీంకోర్టు ఇలాంటి కేసుల్లో హైకోర్టులు ఎలా నడుచుకోవాలో మార్గదర్శకాలు ఇస్తూ, పిటిషనరుకూ నిర్బంధంలో ఉన్నవారికీ మధ్య బంధం ఏమిటని తవ్వవద్దని, మనిషిని తెప్పించి న్యాయమూర్తులు విడిగా మాట్లాడాలని, పుట్టిల్లు సురక్షితమేనని ముందే అనుకోవద్దని, మనసు మార్చే ఉద్దేశంతో కౌన్సెలింగుకు పంపవద్దని చెప్పింది. ఖర్చు సంగతికి భయపడకండి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దక్కుతుంది. 15100కు ఫోను చేసినా, జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇచ్చినా సరే.

జరగకూడనిది జరిగి బలవంతాన తాళి కట్టించినా కథ ముగిసిపోదు. బలవంతపు పెళ్లిని హిందూ వివాహ చట్టం 12వ సెక్షను కింద రద్దు చేయించుకోవచ్చు, అయితే ఆ బలవంతం తొలగిన ఏడాదిలోపు పిటిషను వేయాలి.

స్థలం విషయంలో మీరు అనుకున్నదానికంటే చిక్కు ఎక్కువగా ఉంది, అందుకే కాస్త ఓపికగా చదవండి. రిజిస్ట్రేషను పెద్దవారి ఒక్కరి పేరిట ఉంది కాబట్టి చట్టప్రకారం ఆ మూడు సెంట్లూ వారివే. ఒకరి డబ్బుతో మరొకరి పేరిట ఆస్తి కొనడాన్ని బినామీ చట్టం నిషేధిస్తుంది, భర్త తన డబ్బుతో భార్య పేరిట కొంటే మాత్రం మినహాయింపు ఇస్తుంది. మీకు ఆ మినహాయింపు లేదు. కాబట్టి "సగం డబ్బు నాది, స్థలం సగం నాది" అని రేపు చిన్నవారు కోర్టుకు వెళితే గెలవడం అటుంచి, ఆ మాటే ఎదురు తిరగవచ్చు. సగం వాటా దానంగా రాసిద్దామా అంటే, ఆదాయపు పన్ను లెక్కలో మీరు ఒకరికొకరు బంధువులు కారు. బంధువు కానివారి నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు మించిన విలువ ముడితే తీసుకున్నవారి ఆదాయంలో కలుస్తుంది. సగం వాటాను నిజమైన ధరకు, డబ్బు బ్యాంకు ద్వారా చెల్లించి, క్రయదస్తావేజు చేయించుకోవడం ఒక పద్ధతి. ఇక ముందు ఏది కొన్నా ఇద్దరి పేర్లూ వేసి, ఎవరిది ఎంత భాగమో, ఎవరు ఎంత చెల్లించారో దస్తావేజులోనే రాయించండి.

అంతకంటే ముందు చేయవలసింది వీలునామా. పెళ్లికాని హిందూ స్త్రీ వీలునామా రాయకుండా కన్నుమూస్తే ఆమె స్వార్జితం తల్లిదండ్రులకు పోతుంది, వారు లేకపోతే తండ్రి వారసులకు, అంటే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు. నాలుగేళ్లు కాదు, నలభై ఏళ్లు కలిసి ఉన్నా సహచరికి ఆ వరసలో చోటు లేదు. కొన్నేళ్ల కిందట ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. పద్దెనిమిదేళ్లు తనతో ఉన్న మనిషి గుండెపోటుతో పోయాక, పదకొండో రోజునే తమ్ముళ్లు వచ్చి ఇంటికి తాళం వేసుకున్నారు. ఆ ఇంటి అప్పు కంతులు సగం ఈయన కట్టినవే. నేను ఆయనకు ఏమీ చేసిపెట్టలేకపోయాను, ఎందుకంటే చేతిలో ఒక్క కాగితం లేదు. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అయినా మీరు సబ్ రిజిస్ట్రారు దగ్గర చేయించే తీరాలి. సొంతవాళ్లను కాదని పరాయివారికి రాసిన వీలునామాను కోర్టులు అనుమానంతో చూస్తాయి కాబట్టి, ఎందుకు ఇలా రాస్తున్నారో నాలుగు వాక్యాల్లో అందులోనే చెప్పండి, తల్లిదండ్రులను మరిచిపోలేదని తెలిసేలా వారి ప్రస్తావనా ఉండనివ్వండి. ఇద్దరు సాక్షుల్లో ఎవరూ ఆస్తి పొందేవారు కాకూడదు. మీకంటే వయసులో చిన్నవారినీ, స్థిరంగా ఊళ్లో ఉండేవారినీ సాక్షులుగా పెట్టుకోండి, రేపు బోనెక్కి చెప్పవలసింది వారే. జీపీఏ (మన తరఫున వ్యవహారాలు చూడమని మరొకరికి రాసిచ్చే అధికారపత్రం) చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు, రాసిచ్చిన మనిషి పోయిన క్షణాన జీపీఏ కూడా పోతుంది.

నామినీగా పెట్టుకుంటే అంతా వచ్చేస్తుందన్నది మరో అపోహ. నామినీ డబ్బు అందుకునే మనిషే తప్ప సొంతదారు కాదని సుప్రీంకోర్టు 1983 నుంచి చెబుతూనే ఉంది. బీమాలో 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే డబ్బు వారిదే అవుతుంది. ఆ జాబితాలో మీరు లేరు. కాబట్టి నామినీగా పేరు వేసినా, అదే పాలసీని వీలునామాలో కూడా రాస్తేనే నిలుస్తుంది. పీఎఫ్‌కు, గ్రాట్యుటీకి నిబంధన ఇంకా గట్టిది. చట్టం చెప్పే "కుటుంబం" మీకు ఉన్నంతవరకు బయటివారి పేరిట వేసిన నామినేషను చెల్లదు. తల్లిదండ్రులు మీ మీద ఆధారపడినవారైతే వారే కుటుంబం, అలాంటివారు లేనప్పుడే నచ్చిన పేరు వేయగలరు. ఫారం నింపేముందు ఇది చూసుకోండి.

బ్యాంకులో ఉమ్మడి ఖాతాకు మీకు ఏ అడ్డంకీ లేదని కేంద్ర ఆర్థిక సేవల శాఖ 2024 ఆగస్టు 28న వివరణ ఇచ్చింది. రేషను కార్డులో మీలాంటి జంటను ఒకే ఇంటివారుగా చూడాలని కేంద్రం అదే ఏడాది రాష్ట్రాలకు రాసింది. అయితే మన సచివాలయంలో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్, అంటే ఎవరు ఏ కుటుంబంలో ఉన్నారన్న నమోదు, తల్లిదండ్రులతో ముడిపడి ఉంటుంది కాబట్టి, దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, కాదంటే ఎందుకు కాదో రాతపూర్వకంగానే అడగండి.

ఆసుపత్రి సంగతి నర్సుగా పనిచేసే మీకు నాకంటే బాగా తెలుసు. తెలివిలో ఉన్న మేజరు రోగి సంతకమే అసలైన సమ్మతి, పక్కవారి సంతకం దానికి బదులు కాదు. 2008లో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. చిక్కంతా తెలివి తప్పినప్పుడు. అందుకే తన పరిస్థితి బాగాలేనప్పుడు వైద్యులు ఎవరితో మాట్లాడాలో, రికార్డులు ఎవరికి చూపాలో, లోపలికి ఎవరిని అనుమతించాలో చెబుతూ ఇద్దరూ చెరొక అధికారపత్రం రాసి నోటరీ చేయించి, ఫోనులో కూడా నకలు పెట్టుకోండి. ఇంతకంటే ముఖ్యమైన కాగితం ఇంకొకటి ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 14వ సెక్షను కింద, తెల్లకాగితం మీద సంతకం చేసి ఎవరినైనా మీ ప్రతినిధిగా నియమించుకోవచ్చు, రక్తసంబంధం అక్కర్లేదు. "మనసు బాగలేదు, వైద్యం చేయిస్తాం" అంటూ చిన్నవారిని ఎక్కడికైనా తీసుకుపోయి చేర్పించే ప్రయత్నం జరిగితే, ఆ కాగితం ఉన్నప్పుడు తల్లిదండ్రుల మాటకంటే ప్రతినిధి మాటకు బరువు. లైంగిక మొగ్గు మార్చే వైద్యం అంటూ ఏదీ లేదు. అలా చేయడం వైద్యులకు వృత్తిపరమైన తప్పు అవుతుందని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే రాష్ట్ర వైద్య మండళ్లకు తెలియజేసింది.

ఇంటి యజమానికి నిజం తెలిసి ఖాళీ చేయమంటే ఏం చేయాలన్నది మీరు అడగలేదుగానీ, అడగవలసిన ప్రశ్నే. ఇల్లు అద్దెకివ్వడంలో మీవంటి జంటల పట్ల వివక్షను నిషేధించే చట్టం మనకు లేదు. రాజ్యాంగం 15వ అధికరణం ప్రధానంగా ప్రభుత్వాన్నే కట్టడి చేస్తుంది. మీ రక్షణ అద్దె ఒప్పందమే. ఇద్దరి పేర్లతో, గడువుతో, ఖాళీకి ఎన్ని నెలల నోటీసో రాసి ఉన్న ఒప్పందం చేసుకోండి.

ఆ ఒప్పందంలో మాత్రం అక్కాచెల్లెళ్లమని రాయకండి. ఇది మీ చివరి ప్రశ్నకూ జవాబే. యజమానురాలికి నోటిమాటగా చెప్పుకున్నది వేరు, సంతకం పెట్టిన కాగితం మీద ఉన్నది వేరు. బీమా ఫారంలో "అక్క" అని రాస్తే, రేపు క్లెయిము వచ్చినప్పుడు అసలు అక్కలెవరో తేల్చడం కంపెనీకి పెద్ద పని కాదు, అబద్ధం రాశారన్న ఒక్క కారణం చూపి అడ్డం పెట్టవచ్చు. మీ అన్నగారి వకీలు కూడా ఆ ఒక్క పదం పట్టుకుని వీలునామా దాకా అన్నిటినీ అనుమానంలోకి లాగుతాడు. "భార్య" అని రాస్తే చట్టం ఒప్పుకోదు. ఫారంలో ఉన్న పట్టికలో "ఇతరులు" అన్నది ఎంచుకుని, పక్కన "స్నేహితురాలు, 2021 నుంచి కలిసి నివాసం" అని, మీరు కలిసి ఉండటం మొదలుపెట్టిన ఏడాది ఏదైతే అది వేసి రాయండి. అన్ని కాగితాల్లోనూ అదే మాట, అదే ఏడాది, అదే చిరునామా ఉండేలా చూసుకోండి. వచ్చేటప్పుడు స్థలం దస్తావేజు, బంగారం అమ్మిన రసీదు ఉంటే అది, ఇద్దరి పదో తరగతి జాబితాలు తీసుకురండి. ఎస్పీలకు పంపవలసిన అర్జీ మాత్రం నా కోసం ఆగకుండా రేపే పోస్టు చేయండి.